ఆ కవరు మీద ఏమని రాయాలి?

మా సంఘంలో ఆదివారం కానుకలు పట్టే సమయంలో కృతజ్ఞత కవర్ల మీది మాటలను అయ్యగారు పైకి చదువుతారు. పుట్టినరోజు, పెళ్లిరోజు, పరీక్ష పాసవడం, ఉద్యోగం రావడం, ఆపరేషన్ క్షేమంగా జరగడం, ఇంటికి స్లాబు పడడం. ఒక్కో కవరుకు ఒక్కో వాక్యం. పేరు వినగానే ఆ కుటుంబం లేచి నిలబడుతుంది. సంఘమంతా 'స్తోత్రం' అంటుంది. ఏళ్ల తరబడి మేమూ అలాంటి కవర్లు ఎన్నో ఇచ్చాం. పైన ఏం రాయాలా అని ఏనాడూ అర నిమిషం ఆలోచించింది లేదు. కానీ 2023 మే నెలలో ఒక కవరు మా డైనింగ్ టేబుల్ మీద రెండు వారాలపాటు ఖాళీగా పడి ఉంది. లోపల డబ్బు పెట్టాం. పైన రాయడానికే చేయి రాలేదు. మాలో ఒకరి చేతికి కట్టు ఉన్న మాట నిజమే గాని, కారణం అది కాదు.

కాకినాడలో దగ్గరి బంధువుల పెళ్లి. శుక్రవారం పెళ్లి చూసుకుని శనివారం మధ్యాహ్నం గుంటూరుకు తిరుగు ప్రయాణమయ్యాం. మర్నాడు ఆరాధనకు అందుకోవాలన్నది మా తొందర. బయలుదేరేముందు ఇంటి పెద్దాయన 91వ కీర్తన చదివి, తలల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. దేవదూతల కావలి గురించి, రాయి తగలకుండా చేతుల మీద ఎత్తి పట్టుకోవడం గురించి ఆ కీర్తనలో ఉన్న మాటలు మన ఇళ్లలో ప్రయాణాలకు ముందు వినిపించేవే. అందరం ఆమేన్ అన్నాం.

ఆమేన్ అన్న మేము ఎలా కూర్చున్నామో కూడా చెప్పాలి. ముందు రెండు సీట్లలో మేమిద్దరం. బెల్టులు పెట్టుకున్నాం. అదీ చలానా భయంతోనే. ఐదేళ్ల బాబు వాళ్లమ్మ ఒడిలో. తొమ్మిదేళ్ల పాప వెనక సీట్లో, పెళ్లివారిచ్చిన కాజాల డబ్బాల మధ్య. వెనక బెల్టులున్న సంగతే మాకు గుర్తులేదు. కారు కొన్న కొత్తలో అందమైన సీటు కవర్లు వేయించినప్పుడు బెల్టుల బకిల్స్ వాటి కిందికి పోయాయి. వాటిని మళ్లీ పైకి తీసినవాళ్లు లేరు.

ఇంకో సంగతి. వెనక ఎడమవైపు టైరు పక్కల్లో సన్నగా పగుళ్లు వస్తున్నాయని, ఎండల్లో దూరం వెళ్లేముందు మార్చుకోమని మెకానిక్ చెప్పాడు. పెళ్లి ఖర్చులు అయ్యాక చూద్దామనుకున్నాం. చీరలకూ చదివింపులకూ డబ్బు సర్దాం గాని టైరుకు సర్దలేదు.

తణుకులో టీ కోసం ఆగాం. ఒడిలో బాబు నిద్రపోయాడు, వాళ్లమ్మ చేతులు తిమ్మిరెక్కాయి. వాణ్ని వెనక పడుకోబెడదామని తలుపు తీశాం. పాప ఒప్పుకోలేదు. "పడుకోబెడితే దొర్లిపోతాడు, కూర్చోబెట్టి బెల్టు వేయాలి. స్కూల్లో చెప్పారు" అంది. ఎండ, ఆలస్యం, విసుగు. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అని కసిరాం. అది మా మాట వినకుండా సీటు కవరు కిందికి చేయి పెట్టి, వెతికి వెతికి, దుమ్ము పట్టిన బకిల్స్ పైకి లాగింది. తమ్ముడికి ఒకటి, తనకు ఒకటి పెట్టుకుంది. దానికి పట్టినది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల ఆలస్యానికి మేము దాన్ని మందలించాం కూడా.

తాడేపల్లిగూడెం దాటాం. ఉంగుటూరు దాటాం. భీమడోలు ఇంకా రాలేదు. సాయంత్రం నాలుగు కావస్తోంది. తుపాకీ పేలినట్టు శబ్దం వచ్చింది. కారు వెనక భాగం ఎడమకు ఈడ్చుకుపోయింది. స్టీరింగ్ చేతిలో ఉంది గాని కారు చేతిలో లేదు. రోడ్డు అంచు దిగి, పల్టీ కొట్టి, పొలాల పక్కనున్న పంట బోదెలో తలకిందులుగా ఆగింది.

గోదావరి జిల్లాలు తెలిసినవారికి మే నెల అంటే ఏమిటో తెలుసు. దాళ్వా కోతలైపోయి కాలువలు కట్టేసే రోజులు. ఆ బోదెలో అడుగున ఎండిన బురద తప్ప నీళ్లు లేవు. అదే జూలైలో అయితే నిండుగా పారుతూ ఉండేది. ఇద్దరు పిల్లలు తలకిందులుగా బెల్టులకు వేలాడుతున్న కారు, నిండు బోదెలో. ఈ వాక్యం రాయడానికే మాకు ఇంతకాలం పట్టింది.

కారు ఆగాక నిశ్శబ్దం. పిల్లల ఏడుపు వినబడలేదు. ఆ కొద్ది క్షణాలూ ఎంతసేపున్నాయో మేము చెప్పలేం. వెనకనుంచి పాప గొంతు వచ్చింది. "అమ్మా, తమ్ముడు ఉన్నాడు. నేను పట్టుకున్నాను."

రోడ్డు పక్కన కొబ్బరి బొండాలు అమ్ముకునే ఆయన అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చారు. చేతిలో బొండాల కత్తి అలాగే ఉంది. ఎవరో వెనకనుంచి "ముట్టుకోకు, పోలీసు కేసవుతుంది, ఇరుక్కుంటావు" అంటున్నారు. ఆయన ఒక్క మాటే అన్నారు. "పిల్లలండి." పగిలిన అద్దంలోంచి సగం లోపలికి దూరి, బాబును ఒక చేత్తో పైకి ఎత్తిపట్టి, రెండో చేత్తో బెల్టు కోశారు. తర్వాత పాపను. ఆ తర్వాత మమ్మల్ని. ఈలోగా ఆగిన లారీ క్లీనరు నీళ్ల సీసా తెచ్చాడు. ఒక ముసలామె తన పైట చెంగు తడిపి పాప మొహం తుడిచింది. "ఇదిగోండి బాబు. ఒళ్లంతా చూశానండి, ఎక్కడా రక్తం లేదండి. కంగారు పడకండి" అని బొండాలాయన బాబును తెచ్చి మా ముందు నిలబెట్టారు.

108 వచ్చింది, ఏలూరు తీసుకెళ్లారు. ఒకరికి మణికట్టు విరిగింది. ఒకరికి నుదుటి మీద ఆరు కుట్లు. పాపకు భుజం దగ్గర ఎముక సన్నగా చిట్లింది. బాబుకు భుజం నుంచి నడుముదాకా అడ్డంగా ఎర్రటి వాత, బెల్టు ఒత్తుకున్న గుర్తు. ఆ వాతను చూపించి డాక్టరుగారు, "ఇది లేకపోతే వీడు కారులో ఉండేవాడు కాదు, బయట ఎక్కడో పడి ఉండేవాడు" అన్నారు. ఐదేళ్ల పిల్లవాడికి పెద్దల బెల్టు సరిపోదనీ, మెడకు తగలకుండా ఎత్తుగా కూర్చోబెట్టే పిల్లల సీటు కొనుక్కోవాలనీ కూడా చెప్పారు. అన్నిటికీ తలలూపాం. తణుకుదాకా వాడు ముందు సీట్లో ఒడిలో ఉన్నాడని మాత్రం ఆయనకు చెప్పలేదు. సిగ్గేసింది. కారు ఒక్కసారిగా ఆగినప్పుడు ఒడిలోని బిడ్డ కొన్ని బస్తాల బరువుతో ముందుకు దూసుకుపోతాడు. ఏ తల్లి చేతులకూ ఆ క్షణాన బిడ్డను పట్టుకునే బలం ఉండదు. ప్రేమ సరిపోని చోటు అది.

ఇంటికి చేరాం. పరామర్శలు మొదలయ్యాయి. వచ్చినవారంతా మా మేలు కోరినవారే, మాకోసం మోకరించినవారే. వారి మాటలను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ మాటలే మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

"సాతాను వేసిన పన్నాగం. ప్రభువు చెదరగొట్టాడు" అన్నారు కొందరు. అవుననడానికి నోరు రాలేదు. పగుళ్లిచ్చిన టైరుతో మే నెల ఎండలో కాకినాడదాకా వెళ్లొచ్చింది సాతాను కాదు, మేము. మెకానిక్ హెచ్చరిక విన్నదీ మేమే, వాయిదా వేసిందీ మేమే. మన నిర్లక్ష్యాన్ని సాతాను లెక్కలో రాసేస్తే పశ్చాత్తాపపడే పని తప్పుతుంది. విశ్వాసుల ఇళ్లలో ఇది ఎక్కువగానే జరుగుతోందని మా అభిప్రాయం.

91వ కీర్తనను ఇంకొకరు కూడా చదివారని అప్పుడు గుర్తొచ్చింది. మత్తయి 4వ అధ్యాయంలో అపవాది యేసుప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకమని చెప్పి, ధైర్యానికి వినిపించింది సరిగ్గా ఆ దేవదూతల మాటనే. ప్రభువు దూకలేదు. ఆ కీర్తన అబద్ధమని అనలేదు, దేవుణ్ని శోధించకూడదన్నాడు. మేము ఆ రోజు కాకినాడలో కీర్తన విని, ఆమేన్ అని, బాబును ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాం. అది విశ్వాసమా, శిఖరం మీదనుంచి దూకడమా?

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దెకు చుట్టూ పిట్టగోడ కట్టాలి. లేకపోతే పైనుంచి ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఆ ఇంటి మీద ఉంటుంది. ప్రసంగాల్లో ఈ వచనం మీద ఎవరూ ఎక్కువసేపు ఆగరు. ఇశ్రాయేలీయులను ఎర్ర సముద్రం దాటించిన దేవుడే వాళ్లకు పిట్టగోడ కట్టుకోమని చెప్పాడు. కాపుదల తనదేనని చెప్పి ఊరుకోలేదు. సీటు కవరు కింద దాగిపోయిన బకిల్ మా ఇంటి పిట్టగోడ. తొమ్మిదేళ్ల పిల్ల దాన్ని బయటికి లాగింది.

ఆ బెల్టును ఈ రూపంలో తయారుచేసింది నిల్స్ బోలిన్ అనే స్వీడన్ ఇంజినీరు. వోల్వో కంపెనీలో పనిచేస్తూ 1959లో భుజాన్నీ నడుమునూ కలిపి పట్టే ఈ పట్టీని రూపొందించాడు. ఆ కంపెనీ పేటెంటు తన గుప్పిట్లో పెట్టుకోకుండా మిగతా కార్ల కంపెనీలన్నీ వాడుకోవడానికి వదిలేసింది. ఆయన పేరు మేము ప్రమాదం తర్వాతే తెలుసుకున్నాం. ఇప్పుడు మా కుటుంబ ప్రార్థనలో స్తుతించే మేలుల్లో అదొకటి.

పరామర్శకు వచ్చినవారిలో ఎక్కువమంది అన్న మాట మరొకటుంది. "మీరు ప్రార్థనాపరులు గనుక దేవుడు మిమ్మల్ని కాపాడాడు." ప్రేమతో అన్న మాటే. ఆ మాట విన్నప్పుడల్లా మాకు గుడిలో మూడో వరుస కళ్ల ముందు కనబడేది.

మూడో వరుసలో ఎడమ చివర కూర్చునే ఒక తల్లి ఉంది. మా పిల్లలు ఆమెను పెద్దమ్మా అంటారు. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఇంజినీరింగు చదువుతూ, ఆదివారాలు మా సంఘంలో కీబోర్డు వాయించేవాడు. 2021లో విజయవాడ నుంచి వస్తూ ఇదే జాతీయ రహదారి మీద, వెనకనుంచి లారీ గుద్ది చనిపోయాడు. హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. మెల్లగానే నడుపుతున్నాడు. వాళ్లమ్మ ఉదయం నాలుగున్నరకు లేచి కొడుకు పేరు చెప్పి ప్రార్థించే మనిషి. ఆ ఉదయం కూడా ప్రార్థించింది. మేము మా టైరు సంగతి తెలిసీ వెళ్లి బతికొచ్చాం. ఆ పిల్లవాడు ఏ తప్పూ చేయకుండా వెళ్లిపోయాడు. ఇప్పుడు మేము ముందుకు వెళ్లి మైకు పట్టుకుని, ప్రార్థించాం గనుక దేవుడు కాపాడాడని చెబితే, మూడో వరుసలో కూర్చున్న ఆ తల్లికి మేము ఏం చెప్పినట్టు?

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తీశాం. హేరోదు యాకోబును కత్తితో చంపించాడు. పేతురును చెరసాలలో వేయించాడు. సంఘం పేతురు కోసం ఆసక్తితో ప్రార్థించింది. దూత వచ్చి సంకెళ్లు ఊడగొట్టి ఆయనను బయటికి తెచ్చాడు. మన ప్రసంగాలన్నీ పేతురు దగ్గరే ఉంటాయి. యాకోబు మరణానికి ఆ అధ్యాయంలో ఒక్క వాక్యమే. కానీ యాకోబు కోసం ఎవరూ ప్రార్థించలేదని మనం అనగలమా? ఆయన తల్లి ప్రార్థించి ఉండదా? పేతురు మీద దేవునికి ప్రేమ ఎక్కువ, యాకోబు మీద తక్కువ అనగలమా? ఎందుకలా జరిగిందో లూకా రాయలేదు. రెండు సంగతులూ ఒకే అధ్యాయంలో పక్కపక్కన పెట్టి వదిలేశాడు. లూకా సువార్త 13వ అధ్యాయంలోనూ అంతే. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. యెరూషలేములో బతికున్నవాళ్లకంటే వాళ్లు ఎక్కువ పాపులని అనుకుంటున్నారా అని ప్రభువు అడిగి, కాదని తానే జవాబిచ్చాడు. చనిపోయినవాళ్ల లెక్క విప్పకుండా, బతికున్నవాళ్ల వైపు తిరిగి మారుమనస్సు గురించి మాట్లాడాడు. మేము బతికున్నవాళ్లం. అంటే ఆ మాట మాకు.

నిజం చెప్పాలంటే ఆ రెండు వారాలూ మాలో కృతజ్ఞత కంటే భయమే ఎక్కువ. కుక్కర్ విజిల్ వేస్తే బాబు చెవులు మూసుకునేవాడు. పాప రాత్రిళ్లు లేచి వచ్చి తమ్ముడి మీద చేయి వేసి పడుకునేది. మేము ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయేవాళ్లం. టైరు సంగతి ఎవరు వాయిదా వేశారన్న ప్రశ్న మాటల్లోకి రాకుండానే ఇంట్లో తిరుగుతుండేది. ప్రమాదం నుంచి బయటపడినవారు వెంటనే ఆనందంతో పాటలు పాడతారని అనుకుంటాం. మా ఇంట్లో అలా జరగలేదు. మొదటి కుటుంబ ప్రార్థనలో ఎవరికీ మాట రాలేదు. బాబే, "యేసయ్యా, కత్తి అంకుల్ మంచోడు, ఆమేన్" అన్నాడు. అప్పుడు ఏడ్చాం.

రెండో వారం అయ్యగారు వచ్చి ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. శనివారం సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాం. చెప్పకుండా ఉండడం సులువే. సంతోషం దాచుకుంటే ఆమెకు నొప్పి తగ్గుతుందన్న ఆలోచన కూడా వచ్చింది. లోపల గోడ మీద పిల్లవాడి ఫొటో, మూల కవరు కప్పిన కీబోర్డు. ఆమె పిల్లలను దగ్గరికి తీసుకుంది. బాబు చొక్కా కాస్త పైకెత్తి, అప్పటికి పసుపు రంగుకు తిరిగిన ఆ వాత మీద వేళ్లు ఆనించి చాలాసేపు అలాగే ఉంది.

వచ్చిన పని ఎలా చెప్పాలో తెలియక తడబడుతుంటే ఆమే అంది. "సాక్ష్యం చెప్పనని అయ్యగారితో అంటారేమో. మీరు చెప్పకపోతే నా కొడుకు తిరిగొస్తాడా? చెప్పండి. దేవుడు మేలు చేస్తే చెప్పాలి. కాకపోతే ఒక్కటి, తమ్ముడూ. దేవుడు మమ్మల్ని ప్రేమించాడు గనుక బతికాం అనొద్దు. వాణ్నీ ప్రేమించాడు."

తర్వాత టీ పెట్టింది. కాజాలు తెచ్చారా అని అడిగింది. కారులో చితికిపోయాయని చెబితే నవ్వింది. రెండేళ్లలో ఆమె నవ్వడం మేము చూడడం అదే మొదటిసారి.

మర్నాడు సాక్ష్యం చెప్పాం. టైరు గురించి చెప్పాం. సీటు కవర్ల గురించి, ఒడిలో బాబు గురించి చెప్పాం. సాక్ష్యమంటే దేవుని గొప్పతనం మాత్రమే చెప్పాలి, మన తప్పులు ఎందుకని తర్వాత ఒకరిద్దరు అన్నారు. ఆ ఆదివారం చదివిన మా కవరు మీద ఇలా రాసి ఉంది: 'మాకు అర్హత లేకపోయినా మా పిల్లలు మాతో ఉన్నారు. దేవునికి స్తోత్రం. పిల్లలను పోగొట్టుకున్న ఇళ్లకోసం ప్రార్థన చేయండి.' స్తోత్రం అనడానికి సంఘం ఒక్క క్షణం ఆగింది. మూడో వరుస ఎడమ చివరనుంచి ముందుగా ఆ మాట వచ్చింది.

ఆరాధన అయ్యాక యువకులు గుడి ఆవరణలో నిలిపిన కార్లలోకి తొంగి చూశారు. ఎక్కువ కార్లలో వెనక బకిల్స్ సీటు కవర్ల కిందే ఉన్నాయి. పిల్లలంతా వాటిని పైకి లాగే పనిలో పడ్డారు. అదొక ఆటైపోయింది. మా పాప నాయకురాలు.

వెనక సీట్లో బెల్టు పెట్టుకోవాలన్న నిబంధన మన దేశంలో ఉందని చాలామందికి 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణంతో తెలిసింది. వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న ఆయన ముంబయి వైపు వస్తూ పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో చనిపోయారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గాని పిల్లల సీటు గాని లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో బెల్టు పెట్టుకోనివారు 16,715 మంది. ఆ సంఖ్యలో దాదాపు సగం నడిపేవారు కాదు, పక్కనా వెనకా కూర్చున్నవారు. కన్వెన్షన్లకు ట్రాక్టర్లలో, ఆటోల్లో కిక్కిరిసి వెళ్లే మన సంఘాలు, డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన ముగిశాక ముందొక బిడ్డను, మధ్యలో ఒక బిడ్డను కూర్చోబెట్టుకుని బైకుల మీద నిద్రకళ్లతో ఇళ్లకు వెళ్లే మన కుటుంబాలు ఈ లెక్కలు ఒకసారి చదవాలి. ప్రయాణ క్షేమం కోసం చేసే ప్రార్థనకు ముందు టైర్లలో గాలి చూసుకోవడం అవిశ్వాసం కాదు.

కట్టు విప్పాక, జూన్ నెలలో మళ్లీ అటువైపు వెళ్లాం. కాలువలు వదిలారు. మా కారు పడిన చోట బోదె నిండుగా పారుతోంది. పాప అక్కడ నిలబడి చూసి, ఏమీ మాట్లాడకుండా వెనక్కి వచ్చింది. బొండాల బండి అక్కడే ఉంది. బండి మీద అమ్మవారి పటం, దానికి పూలదండ. ఆయన చేతికి ఎర్రదారం. మంచి సమరయుని కథ చిన్నప్పటినుంచీ మనకు కంఠతా వచ్చు. ఆ కథలో మనం ఎప్పుడూ సమరయుడి స్థానంలోనే కూర్చుంటాం. దారి పక్కన పడి ఉన్నవాడు మనమై, మన ప్రార్థనా మందిరంలో అడుగు పెట్టని మనిషి వచ్చి మనల్ని ఎత్తుకోవడం మేము ఊహించని సంగతి. లూకా 17లోనూ పదిమంది కుష్ఠరోగుల్లో తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది సమరయుడే.

ఆయనకు ఒక కవరు ఇవ్వబోయాం. వద్దన్నారు. ఎంత బతిమాలినా తీసుకోలేదు. "బొండాలు తాగండి, వాటికి డబ్బులివ్వండి, చాలండి" అన్నారు. నలుగురం నాలుగు తాగాం. ఆ రోజు కేసవుతుందని భయపెట్టిన మాట గుర్తుచేసి, ప్రమాదంలో ఉన్నవారికి సాయపడినవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పిందనీ, 2019 చట్టంలో వారికి రక్షణ కూడా పెట్టారనీ చెప్పాం. "అలాగాండి, తెలీదండి" అన్నారు. తెలియకుండానే వచ్చారు. అప్పటికి ఆయనకు తెలిసింది భయపెట్టిన మాట ఒక్కటే. బాబు ఆయన కత్తిని పట్టుకుంటానని మారాం చేస్తే, పిడి ఒకసారి తాకనిచ్చి పక్కన పెట్టారు.

ఆ కారు మళ్లీ బాగుపడలేదు. కొన్నాళ్లకు ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. సీటు కవర్లు వేయించలేదు. కొత్త టైర్లు వేయించాం, బాబుకు పిల్లల సీటు పెట్టించాం. నవంబరులో తెనాలిలో స్త్రీల కూడిక ఉంటే పెద్దమ్మను మా కారులో రమ్మన్నాం. కొడుకు పోయాక ఆమె హైవే ఎక్కే కారుల్లోకి రాలేదు. ఎక్కడికెళ్లినా రైల్లోనే. వస్తుందో రాదో అనుకున్నాం. బైబిలు సంచీతో గేటు దగ్గర నిలబడి ఉంది.

వెనక సీట్లో పిల్లల పక్కన కూర్చుంది. బాబు బెల్టు తానే లాగి పెట్టింది. సరిగ్గా పడిందో లేదోనని ఒకసారి గుంజి చూసింది. మళ్లీ ఒకసారి గుంజింది. పాప బెల్టు కూడా చూసింది. "ఇక పోనివ్వండి తమ్ముడూ" అంది.

"పెద్దమ్మా, మరి మీది?" అంది మా పాప.

ఆమె కాసేపు వెతుక్కుంది. పాప చూపించింది. టక్‌మన్న శబ్దం విన్నాక కారు స్టార్ట్ చేశాం.